తొలి కెమెరా ఎంపిక

నిజాముల కాలం నాటి హైదరాబాదు నగరాన్ని నేటితరం కళ్లారా చూడగలుగుతున్నదంటే అందుకు ముఖ్యకారకుడు రాజా దీన్‌దయాళ్. ఆయన 1844లో మీరట్ సమీపంలోని సర్ధానాలో జన్మించారు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇందోరులో ఉద్యోగం చేస్తూ ఛాయాగ్రహణాన్ని అభ్యసించారు. తరువాత ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకులై సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పారు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా మరొక స్టూడియో తెరిచారు. ఆయన చేతిలో ఉన్నది కొయ్యతో చేసిన బరువైన కెమెరా. ఒక్కొక్క చిత్రానికి ఒక్కొక్క గాజుపలక కావాలి. పలక పగిలితే చిత్రం పోయినట్లే. అటువంటి పలకలను బండ్లమీద ఊరూరా మోయించి, కోటలను, దేవాలయాలను, దర్బారులను, కరవుకాలపు సహాయ శిబిరాలను కూడా ఆయన చిత్రించారు. 1905లో ఆయన మరణించినా, ఆ గాజుపలకలలో వేలకొలది నేటికీ ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి.

దీన్‌దయాళ్ కాలంలో కెమెరా దొరకడమే కష్టం. నేటి విద్యార్థి కష్టం అందుకు పూర్తిగా భిన్నమైనది. దుకాణంలో అడుగుపెడితే పదుల సంఖ్యలో కెమెరాలు వరుసగా కనిపిస్తాయి. ప్రతి పెట్టెమీద ఏవో అంకెలు, ఏవో సంకేతాక్షరాలు ఉంటాయి. ఏది తనకు పనికివస్తుందో, ఏది కేవలం అమ్మేవాడికి లాభం తెస్తుందో తెలియదు. ఆ కొనుగోలు వెనుక ఒక కుటుంబం రెండు మూడు నెలలు మిగుల్చుకొన్న సొమ్ము ఉంటుంది. పొరపాటున పనికిరానిది కొంటే మళ్లీ కొనిపెట్టే స్తోమత అందరికీ ఉండదు. పైగా సరిపడని కెమెరాతో చిత్రాలు బాగా రాకపోతే, లోపం తనలోనే ఉన్నదనుకొని ఆ కళనే వదిలిపెట్టినవారు ఎందరో ఉన్నారు. కాబట్టి కెమెరా ఏ విధంగా పనిచేస్తుందో కొంత తెలుసుకొన్న తరువాతనే కొనుగోలుకు పూనుకోవడం మంచిది.

కెమెరాలోని మూలసూత్రం ఇంటర్మీడియట్ విద్యార్థికి కొత్తది కాదు. కుంభాకార కటకం ఎదుటి వస్తువునుంచి వచ్చే కాంతికిరణాలను కేంద్రీకరించి తలక్రిందుల ప్రతిబింబాన్ని ఏర్పరుస్తుందని భౌతికశాస్త్రంలో చదువుకొన్నదే. ఆ ప్రతిబింబం పడే చోట పూర్వం గాజుపలక ఉండేది, తరువాత ఫిల్ము వచ్చింది. డిజిటల్ కెమెరాలో ఆ స్థానాన్ని సెన్సర్ అనే సిలికాన్ ఫలకం ఆక్రమించింది. ఫలకంమీద లక్షలాది సూక్ష్మమైన గడులు ఉంటాయి. ఒక్కొక్క గడి తనమీద పడిన కాంతిని విద్యుదావేశంగా మారుస్తుంది. ఎంత కాంతి పడితే అంత ఆవేశం. ఆ ఆవేశాలను కొలిచి అంకెలుగా వ్రాసుకొంటే అదే డిజిటల్ చిత్రం.

ఇందుకు పునాది వేసిన సీసీడీ అనే ఉపకరణాన్ని 1969లో అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనే శాస్త్రజ్ఞులు రూపొందించారు. నలభై ఏళ్ల తరువాత, 2009లో, ఆ కృషికి వారికి నోబెల్ బహుమతిలో భాగం లభించింది. సీసీడీని ఉపయోగించి 1975లో కోడక్ సంస్థలో స్టీవెన్ శాసన్ అనే యువ ఇంజనీరు తొలి డిజిటల్ కెమెరాను తయారుచేశాడు. అది రొట్టెలు కాల్చే యంత్రమంత ఉండేది. బరువు సుమారు 3.6 కిలోలు. నిలువునా అడ్డంగా నూరేసి గడులు, అంటే మొత్తం పదివేల గడులు మాత్రమే ఉన్న నలుపు తెలుపు చిత్రం తీసేది. ఒక్క చిత్రాన్ని క్యాసెట్ టేపుమీద నమోదు చేయడానికి 23 సెకండ్లు పట్టేది. ఫిల్ము అమ్మి బ్రతికే సంస్థలో ఫిల్ము అక్కరలేని కెమెరా పుట్టడం ఒక విచిత్రం. ఆ సంస్థ తన బిడ్డను తానే సరిగా పెంచుకోలేక 2012లో దివాలా రక్షణ కోసం న్యాయస్థానాన్ని ఆశ్రయించడం మరొక విచిత్రం.

2000 తరువాతి దశకంలో డిజిటల్ కెమెరాలు మధ్యతరగతి ఇళ్లకు చేరాయి. 2003లో కెనాన్ సంస్థ విడుదల చేసిన ఈఓఎస్ 300డి కెమెరా, లెన్సులు మార్చుకొనే డిజిటల్ కెమెరాలలో వెయ్యి డాలర్లలోపు ధరకు వచ్చిన మొదటిది. అందులో ఉన్నవి 63 లక్షల గడులే. ఆ గడులనే పిక్సెల్ అంటారు. పది లక్షల పిక్సెళ్లు ఒక మెగాపిక్సెల్. ఆ కాలంలోనే ఈ మెగాపిక్సెల్ అనే మాట వినియోగదారుల నోళ్లలో నానింది. మూడు మెగాపిక్సెళ్ల కెమెరా తరువాత అయిదు, ఆపైన ఎనిమిది, పన్నెండు అంటూ సంస్థలు పోటీపడ్డాయి. సంఖ్య పెరిగిన కొద్దీ చిత్రం మెరుగవుతుందనే నమ్మకం జనంలో స్థిరపడిపోయింది. తొలి కెమెరా కొనేవారిని తప్పుదారి పట్టించే విషయాలలో ఇదే ప్రధానమైనది. కాబట్టి దీనిని కొంచెం విస్తరించి చూడవలసి ఉంటుంది.

చిత్రాన్ని కాగితంమీద స్పష్టంగా ముద్రించడానికి అంగుళానికి 300 చుక్కలు ఉంటే చాలునని ముద్రణారంగంలో ఒక లెక్క ఉన్నది. ఆల్బంలో పెట్టుకొనే 6 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు గల చిత్రానికి 1800ను 1200తో గుణిస్తే వచ్చేది 21 లక్షల 60 వేలు. అంటే రెండు మెగాపిక్సెళ్లకు కొంచెం ఎక్కువ. గోడకు తగిలించుకొనే 18 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు గల చిత్రానికి కావలసినవి ఒక కోటి 94 లక్షలు. నేడు దొరికే సాధారణమైన 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఆ పనిని సులువుగా నెరవేరుస్తుంది. అంతకంటె పెద్ద చిత్రాలను దూరంనుంచి చూస్తారు కాబట్టి చుక్కలు తక్కువైనా కంటికి తెలియదు. విద్యార్థి తీసే చిత్రాలలో అధికభాగం ఎన్నడూ కాగితం ఎక్కవు, తెరమీదనే చూస్తారు. ఫుల్ హెచ్‌డీ తెరమీద ఉన్న చుక్కలు 21 లక్షలకు లోపే. ఈ లెక్కలు తెలిసిన విద్యార్థి పెట్టెమీది పెద్ద అంకెను చూసి భ్రమపడడు.

మరి చూడవలసినది ఏమిటి? సెన్సర్ వైశాల్యం. వాన కురుస్తున్నప్పుడు వాకిట్లో ఒక చెంబును, ఒక గంగాళాన్ని ఉంచితే రెండింటిలోనూ సమానంగా నీరు చేరదు. నోరు పెద్దదైన పాత్రలో ఎక్కువ నీరు చేరుతుంది. కాంతి విషయంలోనూ అంతే. జేబులో ఇమిడే చిన్న కెమెరాలలో సాధారణంగా ఉండే సెన్సర్ పొడవు సుమారు 6.2 మిల్లీమీటర్లు, వెడల్పు 4.6 మిల్లీమీటర్లు. వైశాల్యం 28 చదరపు మిల్లీమీటర్లు. ప్రారంభకుల కోసం తయారయ్యే, లెన్సులు మార్చుకొనే కెమెరాలలో ఏపీఎస్-సీ అనే పరిమాణం సెన్సర్ ఉంటుంది. దాని పొడవు వెడల్పులు సుమారు 23.6, 15.7 మిల్లీమీటర్లు. వైశాల్యం 370 చదరపు మిల్లీమీటర్లు. అంటే మొదటిదానికి ఇది దాదాపు పదమూడు రెట్లు. పూర్వపు ఫిల్ము చట్రానికి సమానమైన ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36, 24 మిల్లీమీటర్లు ఉండి 864 చదరపు మిల్లీమీటర్ల వైశాల్యం కలిగి ఉంటుంది. దాని ధర, దానికి తగిన లెన్సుల ధర విద్యార్థికి అందుబాటులో ఉండవు. దాని అవసరం కూడా తొలిదశలో లేదు.

చిన్న సెన్సర్‌లో 16 మెగాపిక్సెళ్లు కుక్కితే ఒక్కొక్క గడికి దక్కే చోటు, ఏపీఎస్-సీలో 24 మెగాపిక్సెళ్లు అమర్చినప్పుడు దక్కే చోటులో తొమ్మిదవ వంతు మాత్రమే. పట్టపగటి వెలుతురులో ఈ తేడా అంతగా తెలియదు. సాయంసంధ్యలో, దీపపు వెలుగులో, ఆలయ మండపాలలో స్పష్టంగా తెలుస్తుంది. చాలినంత కాంతి అందనప్పుడు కెమెరా ఆ కొద్ది సంకేతాన్నే హెచ్చించి చూపుతుంది. దానితోపాటు అందులోని దోషాలూ హెచ్చుతాయి. చిత్రంమీద ఇసుక చల్లినట్లు రంగురంగుల రేణువులు కనిపించడానికి కారణం ఇదే. లేపాక్షి నాట్యమండపం పైకప్పుమీది చిత్రాలను నీడలో తీయదలచినవారికి ఎక్కువ మెగాపిక్సెళ్లకంటె పెద్ద సెన్సరే ఎక్కువగా తోడ్పడుతుంది.

ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. అందరి చేతులలోనూ సెల్‌ఫోన్ ఉండగా వేరే కెమెరా ఎందుకు? ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. నేటి ఫోన్ ఒక్క నొక్కులో అనేక చిత్రాలను వెంటవెంటనే తీసి, వాటిని కలిపి, దోషాలను సవరించి ఒక చిత్రంగా చూపుతుంది. ఈ నైపుణ్యంవల్లనే జేబు కెమెరాల వ్యాపారం చాలావరకు అంతరించింది. ఫోన్ తీసినంత బాగా తీయగల చవుక కెమెరాను ఈనాడు కొనడం నిజంగా వృథా వ్యయం. ఫోన్ ఉన్న విద్యార్థి రెండు మూడు నెలలపాటు దానితోనే అభ్యాసం చేయడం అన్నివిధాలా శ్రేయస్కరం. ఉదయపు ఎండ ముఖంమీద ఎటువైపునుంచి పడితే బాగుంటుందో, చట్రంలో ఏది ఉంచాలో, ఏది వదలాలో తెలుసుకోవడానికి ఫోన్ చాలు.

అయితే ఆ అభ్యాసంలోనే దాని పరిమితులూ బయటపడతాయి. పెండ్లిలో తలంబ్రాలు పోసుకొనే ఘట్టాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. గాలిలో ఉన్న బియ్యపు గింజలు ముత్యాలవలె విడివిడిగా నిలిచి కనిపించాలంటే షట్టరు సెకండులో అయిదువందలవ వంతు కాలం మాత్రమే తెరుచుకోవాలి. అవే గింజలు తెల్లని ధారలుగా కనిపించాలంటే పదిహేనవ వంతు కాలం తెరిచి ఉంచాలి. బతుకమ్మ చుట్టూ తిరిగే స్త్రీల చీరల రంగులు వలయాకారంగా అలుముకొన్నట్లు రావాలంటే కెమెరాను స్టాండుమీద నిలిపి అర సెకండుకంటె ఎక్కువసేపు షట్టరును తెరవాలి. ఏ విధంగా చూపాలన్నది తీసేవారి నిర్ణయం. ఫోన్ సాధారణంగా ఆ నిర్ణయాన్ని తానే చేసి ఇస్తుంది. దానిని తన చేతిలోకి తీసుకోవాలనే కోరిక కలిగిన రోజున విద్యార్థికి కెమెరా అవసరమైనదని అర్థం.

ఆ నిర్ణయానికి మూడు సాధనాలున్నాయి. లెన్సులోని రంధ్రం పరిమాణం ఒకటి. దానిని అపెర్చర్ అంటారు. షట్టరు తెరిచి ఉంచే కాలం రెండవది. సెన్సర్ సంకేతాన్ని ఎంత హెచ్చించాలో తెలిపే ఐఎస్ఓ సంఖ్య మూడవది. ఒకదానిని మారిస్తే మిగిలినవాటిలో ఏదో ఒకదానిని సరిచేయక తప్పదు. కొనదలచిన కెమెరాలో ఈ మూడింటిని స్వయంగా మార్చుకొనే వీలు తప్పనిసరిగా ఉండాలి. కెమెరా పైభాగంలోని చక్రంమీద ఎం, ఏ, ఎస్, పి అనే అక్షరాలు కానీ, కెనాన్ వాటిలోవలె ఎం, ఏవీ, టీవీ, పి అనే అక్షరాలు కానీ ఉంటే ఆ వీలు ఉన్నట్లే. ఇవి లేని కెమెరాను, ఎంత అందంగా ఉన్నా, నేర్చుకోదలచినవారు కొనరాదు.

తరువాత గమనించవలసినది లెన్సు. అనుభవజ్ఞులు కెమెరాకంటె లెన్సుకే ఎక్కువ విలువ ఇస్తారు. కెమెరా అయిదారేళ్లలో పాతబడుతుంది. మంచి లెన్సు దశాబ్దాలపాటు పనిచేస్తుంది. లెన్సుమీద రెండు సంఖ్యలు వ్రాసి ఉంటాయి. మొదటిది నాభ్యంతరం. ఇది మిల్లీమీటర్లలో ఉంటుంది. నాభ్యంతరం తక్కువైతే విశాలమైన దృశ్యం, ఎక్కువైతే దూరపు వస్తువు దగ్గరగా కనిపిస్తుంది. కెమెరాతోపాటు సాధారణంగా ఇచ్చే లెన్సు 18 నుంచి 55 మిల్లీమీటర్ల వరకు మారుతుంది. ఇంటివారిని, వీధిని, పొలాన్ని, గోపురాన్ని తీయడానికి ఇది సరిపోతుంది.

రెండవ సంఖ్య నాభ్యంతరానికి, రంధ్రపు వ్యాసానికి ఉన్న నిష్పత్తి. దీనిని ఎఫ్ సంఖ్య అంటారు. అది హారంలో ఉండే సంఖ్య కనుక చిన్నదైన కొద్దీ రంధ్రం పెద్దదని గ్రహించాలి. క్రొత్తవారు తికమకపడేది ఇక్కడే. పైన చెప్పిన లెన్సును 55 మిల్లీమీటర్ల వద్ద ఉంచితే అతిచిన్న ఎఫ్ సంఖ్య 5.6. ఇంచుమించు అదే నాభ్యంతరంతో, కదలిక లేని 50 మిల్లీమీటర్ల లెన్సు ఒకటి దాదాపు అన్ని సంస్థలూ చవుకగా అమ్ముతాయి. దాని ఎఫ్ సంఖ్య 1.8. ఒక నాభ్యంతరం వద్ద రంధ్రం వైశాల్యం ఎఫ్ సంఖ్య వర్గానికి విలోమానుపాతంలో ఉంటుంది కాబట్టి లెక్కకడితే ఈ రెండవ లెన్సు లోపలికి పంపే కాంతి సుమారు తొమ్మిదిన్నర రెట్లు అధికం. దీపపు వెలుగులో మొదటి లెన్సుతో పదిహేనవ వంతు సెకండు కావలసిన చోట రెండవదానితో నూటఇరవై అయిదవ వంతు సెకండు చాలు. పదిహేనవ వంతులో నవ్వుతున్న పసిబిడ్డ ముఖం చెదిరిపోతుంది. నూటఇరవై అయిదవ వంతులో నిలుస్తుంది. ఖరీదైన కెమెరాకు సొమ్మంతా పోసి దానితో వచ్చిన లెన్సుతోనే సరిపెట్టుకోవడంకంటె, తక్కువ ధర కెమెరా కొని మిగిలిన దానితో ఇటువంటి లెన్సును చేర్చుకోవడం వివేకం. ఫ్రాన్సుకు చెందిన ప్రసిద్ధ ఛాయాగ్రాహకుడు హెన్రీ కార్టియే బ్రెస్సాఁ తన జీవితంలో అత్యధికభాగం 50 మిల్లీమీటర్ల లెన్సు ఒక్కదానితోనే పనిచేశారు. అయితే ఆయన వాడినది ఫిల్ము చట్రం. ఏపీఎస్-సీ సెన్సర్‌మీద అదే లెన్సు కొంత దగ్గరగా, 75 మిల్లీమీటర్ల లెన్సు చూపినట్లు చూపుతుంది. అందువల్ల ఇరుకు గదులలో వెనుకకు జరగడానికి చోటు చాలకపోవచ్చు.

జూమ్ విషయంలోనూ ఒక మెలకువ అవసరం. లెన్సులోని గాజు ముందువెనుకలకు కదిలి దృశ్యాన్ని దగ్గరకు తెచ్చేది ఆప్టికల్ జూమ్. చిత్రం అంచులను కత్తిరించి మధ్యభాగాన్ని సాగదీసి చూపేది డిజిటల్ జూమ్. 16 మెగాపిక్సెళ్ల చిత్రాన్ని నాలుగు రెట్లు డిజిటల్ జూమ్ చేస్తే పొడవులో నాలుగవ వంతు, వెడల్పులో నాలుగవ వంతు మిగిలి, మొత్తం ఒక్క మెగాపిక్సెల్ దక్కుతుంది. ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో చేసుకోగల పనికి దుకాణంలో సొమ్ము చెల్లించనవసరం లేదు. నేలపట్టు చెరువులో గూడుకట్టే గూడబాతులను తీయాలనే తపన ఉన్నవారికి మాత్రం నిజమైన పొడవాటి లెన్సు కావాలి. 300 మిల్లీమీటర్లయినా లేనిదే పక్షి చుక్కవలె కనిపిస్తుంది. అటువంటి లెన్సులో చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది కాబట్టి షట్టరు వేగం నాభ్యంతరపు సంఖ్యకంటె తక్కువ కాకూడదని, 300 మిల్లీమీటర్ల లెన్సుకు కనీసం మూడువందలవ వంతు సెకండు ఉండాలని ఒక వాడుక నియమం ఉన్నది. పక్షులను తీయడం ఖర్చుతో కూడిన అభిరుచి. దానితో ప్రారంభించకపోవడమే మేలు.

లెన్సులు మార్చుకొనే కెమెరాలు రెండు విధాలు. లోపల అద్దం ఉండి, లెన్సు చూపే దృశ్యాన్నే కంటికి పంపేది డీఎస్ఎల్ఆర్. అద్దం లేకుండా సెన్సర్ చూసినదాన్ని చిన్న తెరమీద చూపేది మిర్రర్‌లెస్. 2008లో పానాసోనిక్ జీ1 అనే కెమెరాతో ఈ రెండవ రకం అంగడికి వచ్చింది. 2018లో కెనాన్, నికాన్ సంస్థలు పెద్ద సెన్సర్లతో ఈ మార్గంలో ప్రవేశించాయి. అప్పటినుంచి వాటి కొత్త కృషి చాలావరకు ఇటువైపే సాగింది. ఈ మార్పు విద్యార్థికి ఒక విధంగా మేలుచేసింది. మిర్రర్‌లెస్‌కు మారినవారు తమ డీఎస్ఎల్ఆర్‌లను, లెన్సులను అమ్మివేయడంతో మంచి పరికరాలు సగం ధరకంటె తక్కువకే చేతులు మారుతున్నాయి. డీఎస్ఎల్ఆర్‌లో బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. మిర్రర్‌లెస్ తేలికగా ఉంటుంది, తీయబోయే చిత్రం వెలుగునీడలను ముందుగానే తెరమీద చూపుతుంది. సొమ్ము తక్కువగా ఉన్నవారికి పాత డీఎస్ఎల్ఆర్, కొత్తదే కావాలనేవారికి చిన్న మిర్రర్‌లెస్ తగినవి. సంస్థ పేరు గురించి వాదులాటలో కాలం గడపడం అనవసరం. ఒకే ధరలో పేరున్న సంస్థల కెమెరాలమధ్య తేడాలు ప్రారంభకులు గుర్తించగలిగినంతటివి కావు. చేతిలో పట్టుకొన్నప్పుడు ఏది చక్కగా అమరుతుందో, ఏ మీటలు వ్రేళ్లకు సులువుగా అందుతాయో చూసుకొంటే చాలు. స్నేహితుల వద్ద ఒకే సంస్థ లెన్సులు ఉంటే ఆ సంస్థ కెమెరానే కొనడం లాభం, ఎరువు తెచ్చుకోవచ్చు.

పాత కెమెరా కొనేటప్పుడు దానిని పరీక్షించే పద్ధతి తెలిసి ఉండాలి. షట్టరు ఒక యంత్రభాగం. ప్రారంభకుల కెమెరాలలో అది సాధారణంగా లక్ష చిత్రాల వరకు పనిచేసేలా తయారవుతుంది. ఇదివరకు ఎన్ని చిత్రాలు తీసినదీ కంప్యూటర్ సాయంతో చాలా కెమెరాలలో తెలుసుకోవచ్చు. ఇరవై ముప్పై వేలలోపు ఉంటే నిశ్చింతగా కొనవచ్చు. లెన్సుకు మూత పెట్టి కొన్ని సెకండ్లపాటు షట్టరు తెరిచి ఒక చిత్రం తీస్తే నల్లని తెరమీద చెడిపోయిన గడులు చుక్కలుగా మెరుస్తాయి. ఎఫ్ సంఖ్యను 16 వద్ద ఉంచి నిర్మలమైన ఆకాశాన్ని తీస్తే సెన్సర్‌మీది ధూళి మచ్చలుగా కనిపిస్తుంది. ధూళిని తుడిపించవచ్చు, చెడిన గడులను బాగుచేయడం అంత సులువు కాదు. లెన్సును విప్పి ఒకవైపునుంచి టార్చిలైటు వేసి రెండవవైపునుంచి చూడాలి. లోపలి గాజుమీద సాలెగూటి పోగులవంటి తెల్లని తీగలు కనిపిస్తే అది బూజు. ఎంత చవుకగా ఇస్తామన్నా అటువంటి లెన్సును ముట్టరాదు. అమ్మేవారి వద్ద అసలు బిల్లు ఉన్నదా, బిల్లుమీది సంఖ్య కెమెరా అడుగుభాగాన ఉన్న సంఖ్య ఒకటేనా అన్నది చూడడం మరచిపోకూడదు. దొంగసొత్తు కొన్నవారు కూడా చిక్కులలో పడతారు.

బూజు మాట తెలుగువారు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాలలో గాలిలోని తేమ ఏడాదిలో అనేక నెలలు డెబ్బై శాతానికి పైగా ఉంటుంది. తేమ, చీకటి, కదలని గాలి బూజుకు అనుకూలం. కెమెరాను భద్రంగా దాచామనుకొని తోలుసంచిలో చుట్టి బీరువాలో పెట్టేవారు తెలియకనే బూజుకు ఇల్లు కట్టి ఇస్తున్నారు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ గుళికలతో ఉంచితే సరిపోతుంది. రంగు మారే గుళికలయితే తేమ పీల్చుకొన్న తరువాత రంగు మారుతుంది. అప్పుడు వాటిని సన్నని సెగమీద వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. వారానికొకసారి కెమెరాను వెలుతురులోకి తీసి వాడడం అన్నింటికంటె మంచి రక్షణ.

దుకాణంలో కెమెరాతోపాటు ఫిల్టర్లు, అదనపు ఫ్లాష్, రెండవ లెన్సు కలిపి ఒక మూటగా అంటగట్టడం పరిపాటి. తొలినాడు అక్కరకు వచ్చేవి ఒక మెమరీ కార్డు, ఒక అదనపు బ్యాటరీ, లెన్సు తుడుచుకొనే మెత్తని గుడ్డ. స్టాండు ఆ తరువాతి మాట.

ఫిల్ము కాలంలో చిత్రానికి విలువ కట్టేది ఖర్చు. భారతదేశపు తొలి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలిగా పేరుపొందిన హోమాయీ వ్యారావాలా స్వాతంత్ర్యోదయ ఘట్టాలను చిత్రించిన రోలీఫ్లెక్స్ కెమెరాలో ఒక ఫిల్ముచుట్టకు పన్నెండు చిత్రాలే వచ్చేవి. పదమూడవది కావాలంటే చుట్ట మార్చాలి. ఆలోగా ఆ క్షణం దాటిపోవచ్చు. ఆమె 2012లో మరణించారు. ఆ మునుపటి ఏడాది భారత ప్రభుత్వం పద్మవిభూషణ్‌తో గౌరవించింది. డిజిటల్ కెమెరాలో వేల చిత్రాలు తీసినా పైసా ఖర్చు లేదు. ఈ సౌకర్యం ఒకవైపు వరం, మరొకవైపు ఆలోచించకుండా మీట నొక్కే అలవాటుకు మూలం. కొందరు ఉపాధ్యాయులు విద్యార్థులకు రోజుకు పన్నెండు చిత్రాలే తీయాలని నియమం పెట్టడంలోని ఆంతర్యం ఇదే.

డిజిటల్ కెమెరా ఇచ్చే మరొక మేలును మాత్రం చాలామంది గమనించరు. ఫిల్ము కాలంలో అభ్యాసకులు ఏ చిత్రానికి ఏ రంధ్రం, ఏ వేగం వాడారో పుస్తకంలో వ్రాసుకొనేవారు. డిజిటల్ కెమెరా ప్రతి చిత్రంతోపాటు ఆ వివరాలను తానే నమోదు చేస్తుంది. చిత్రం చెదిరితే, చీకటిగా వస్తే, ఆ అంకెలు చూసి కారణం వెదకవచ్చు. అరవయ్యవ వంతు సెకండులో చెదిరిన సైకిలు బొమ్మ, అయిదువందలవ వంతులో నిలిచిన సైకిలు బొమ్మ ప్రక్కప్రక్కన పెట్టుకొని చూసిన విద్యార్థికి షట్టరు వేగం గురించి మరొకరు చెప్పవలసినది అంతగా ఉండదు.

తీసిన చిత్రాలను మెమరీ కార్డులోనే ఉంచి నెలలు గడపడం ప్రమాదకరం. కార్డు చెడవచ్చు, పోవచ్చు. ఇంటికి రాగానే కంప్యూటర్‌లోకి ఎక్కించి, వేరొక చోట రెండవ ప్రతిని దాచిన తరువాతనే కార్డును చెరిపివేయాలి. తాతగారి ఆఖరి పుట్టినరోజు చిత్రాలకు రెండవసారి అవకాశం ఉండదు. దీన్‌దయాళ్ గాజుపలకలు నూరేళ్లకు పైగా నిలిచాయి. ఒక్కచోటనే దాచిన డిజిటల్ చిత్రం వచ్చే వానాకాలం వరకైనా నిలుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
మెగాపిక్సెళ్ల సంఖ్యకంటె సెన్సర్ వైశాల్యం ఎందుకు ముఖ్యమో పాఠం ఆధారంగా వివరించండి.
పాత కెమెరా కొనేటప్పుడు పాటించవలసిన పరీక్షలను, వాటి కారణాలతో వ్రాయండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
స్టీవెన్ శాసన్ తయారుచేసిన కెమెరాను వర్ణించండి.
తలంబ్రాల ఉదాహరణతో షట్టరు వేగాన్ని వివరించండి.
ఆప్టికల్ జూమ్‌కు, డిజిటల్ జూమ్‌కు ఉన్న భేదమేమి?
తీరప్రాంతాలలో కెమెరాను ఏ విధంగా భద్రపరచాలి?